చీకటి ముక్క

మొదట వెనక వరసలో ఎవరో దగ్గారు. తర్వాత మధ్యలో ఒకరు. ఆ పైన, మందలో ఒక గొర్రె అరిస్తే మిగతావి అందుకున్నట్టు, హాలు హాలంతా గొంతులు సవరించుకోవడం మొదలుపెట్టింది.

వేదిక కింద ఎడమపక్కన, పల్లంగా ఉన్న చోట కూర్చుని హార్మోనియం వాయిస్తున్న పెట్టె అక్కకి ఆ దగ్గులు ఒక్కొక్కటీ వీపున గిల్లినట్టు తగిలాయి. ఆమె వాయిస్తున్నది చీకటి ముక్క. అంకానికీ అంకానికీ మధ్య దీపాలు తగ్గించి సామాను మార్చేటప్పుడు మోగే సంగీతాన్ని ఆ బృందంలో అలాగే అంటారు. మిగతా నాటకమంతా అక్క పాట ఎవరో ఒకరి మాట కింద ఒదిగి ఉండాల్సిందే. తల్లి ఏడుస్తుంటే ఆ ఏడుపు కింద, తండ్రి కేకలేస్తుంటే ఆ కేకల కింద. రెండు మెట్లు నొక్కి పట్టుకుంటే చాలు, గడిచిపోతుంది. చీకటి వచ్చినప్పుడే ఆ పాటకి నడుం నిటారుగా నిలబెట్టే వీలు. అందుకని ఈ కొత్త నాటకానికి ఆమె అన్నిటికంటే ఎక్కువ మనసు పెట్టి కట్టింది ఆ ముక్కనే.

పైన మసక నీలం వెలుగులో నిచ్చెన తన పని తాను చేసుకుపోతున్నాడు. తల వంచకుండా ఏ గుమ్మంలోనూ దూరలేని మనిషి కాబట్టి ఎవరు పెట్టారో ఆ పేరు, అసలు పేరు మర్చిపోయేంతగా అతుక్కుపోయింది. రెండో అంకంలో ఉన్న ఇల్లు మూడో అంకానికి రైల్వే స్టేషను కావాలి. అద్దాల బీరువాని చక్రాల మీద తిప్పితే దాని వీపు టికెట్టు కిటికీ. భోజనాల బల్ల కాళ్ళు మడిచి ఒక పక్కకి వాల్చితే బెంచీ. కుర్చీలు ఒకదానిలో ఒకటి దూర్చి భుజాన వేసుకుని లోపలికి పోవాలి. అన్నిటికంటే చివర లాంతరు. దాన్ని స్తంభం మీది కొక్కేనికి తగిలించాడంటే పని అయిపోయినట్టు. అది చూసుకుని దీపాలాయన వెలుగు పెంచుతాడు.

అంతా ఒక్కడే చేస్తాడు. చప్పుడు కాకుండా చేస్తాడు. అరికాళ్ళకి పాత కంబళి ముక్కలు చుట్టుకుని, బరువు దించేటప్పుడు ముందు తన పాదాన్ని కింద పెట్టి, దాని మీదుగా వస్తువుని నేలకి జార్చుతాడు. పసిబిడ్డని పక్కమీద పడుకోబెట్టినట్టుంటుంది.

అయితే ఆ సాయంత్రం బీరువా దగ్గరే ఉండిపోయాడు. పాట కుర్చీలు ఎత్తాల్సిన మలుపు దాకా వచ్చేసింది. మధ్యాహ్నం మెట్లు దిగుతూ అతను మోకాలు పట్టుకోవడం అక్క చూసింది. పాపం, లేవడం లేదనుకుని, పాటని కాస్త సాగదీసింది. అతను కుర్చీలకి వచ్చాడు. అవీ నెమ్మదిగానే. ఆమె ఇంకాస్త సాగదీసింది. పక్కన ఫిడేలు తమ్ముడు కమాను చివరిదాకా లాగేసి, ఇక లాగడానికి కర్ర లేక, కళ్ళతోనే “ఏమిటక్కా ఇది” అన్నాడు.

లాంతరు కొక్కేనికి ఎక్కేసరికి హాలు సగం దగ్గేసి, సగం కబుర్లలో పడింది.

నాటకం ముగిసి జనం వెళ్ళాక, ఇంకా ముఖాలకి రంగు ఉండగానే, దర్శకుడు అందరినీ వేదిక మీదికి పిలిచాడు. ఈ ఏడే వచ్చినవాడు. చెవి సందున పెన్ను పెట్టుకుంటాడు. కోపం వస్తే తీసి, తగ్గితే మళ్ళీ పెడతాడు. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. ఇప్పుడు పెన్ను చేతిలో ఉంది.

“ఏం నిచ్చెనా, జనం దగ్గడం విన్నావా?”

“విన్నాను బాబూ.”

“వాళ్ళకి జలుబు అనుకుంటున్నావా?”

ఎవరో కిసుక్కుమన్నారు. నిచ్చెన చేతిలోని కంబళి ముక్కని మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టాడు.

“పోయిన వారం కంటే ఇవాళ ఎక్కువైంది. నిన్నటి కంటే కూడా ఎక్కువే. రెండో అంకం చివర తల్లి వేషమావిడ అంత బాగా ఏడ్చి జనాన్ని చేతిలో పెట్టుకుంటే, నువ్వు ఆ కుర్చీలు మోసేలోపు వాళ్ళ కళ్ళు ఆరిపోయి, ఇంట్లో పొయ్యి ఆర్పామా లేదా అని ఆలోచించుకుంటున్నారు.”

“పాట మోగుతూనే ఉంది కదా బాబూ,” అంది అక్క. “ఊరికే ఏం కూర్చోలేదుగా వాళ్ళు.”

“మీ పాట ఉంది కాబట్టే దగ్గులతో సరిపెట్టుకున్నారక్కా. లేకపోతే లేచిపోయేవాళ్ళు.” దర్శకుడు నిచ్చెన వైపు తిరిగాడు. “ఇక నీ వల్ల కాదులే. తప్పు పట్టడం లేదు, వయసు. వడ్రంగి షెడ్డులోంచి ఇద్దరిని రమ్మంటాను. నువ్వు గోదాములో సామాను చూసుకో. నీడపట్టున ఉంటావు.”

నిచ్చెన తల ఊపాడు. గోదాము సంగతి అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు. అక్కడా అదే బీరువా, అదే బల్ల, అదే చీకటి ఉంటాయి. నాటకం మాత్రం ఉండదు.

పొద్దున్నే అక్క ఇంటి వెనక బట్టలు ఉతుకుతూ కూర్చుంది. ఉతకడమంటే నానబెట్టడం, నీళ్ళలో ఆడించడం వరకే ఆమె పని. పిండి ఆరేసేది ఆడపడుచు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, ఒకరి మాటకి ఒకరు అడ్డం పడకుండా ఒక్కపూట గడవదు.

“పిండు వదినా. అలా నిమురుతావేంటి, అదేమన్నా పిల్లా?”

“నువ్వు పిండవే. నాకు పాటొచ్చింది.”

“వచ్చిందంటే వచ్చిందంటావు. ఎప్పుడూ బట్టలు పిండే వేళకే వస్తుందేంటో నీకు పాట!” అంటూ ఆడపడుచు దుప్పటి లాక్కుని ఒక్క మెలి తిప్పింది. నీళ్ళు జలజలమన్నాయి. అక్క ఎడమచేతిని కొంగులో పెట్టుకుంది. నొప్పి ఏం లేదు. నొప్పి ఉన్నా బాగుండేది, ఏదో ఒకటి రాసుకోవచ్చు. పట్టు ఉండటం లేదు, అంతే. గ్లాసు పట్టుకుంటే, తను పట్టుకున్నట్టు ముందు కళ్ళతో చూసి నమ్మాల్సి వస్తోంది. తిత్తి లాగే చెయ్యి అది. కుడిచేతి వేళ్ళు ఎంత పరుగెత్తినా, ఎడమచెయ్యి గాలి ఊదకపోతే పెట్టె పలకదు. ఇన్నాళ్ళూ మణికట్టుతో లాగిన దాన్ని ఈమధ్య భుజంతో లాగుతోంది. ఎవరూ చూడలేదనే ఆమె నమ్మకం.

“నిచ్చెనని తీసేస్తున్నారే,” అంది.

ఆడపడుచు దుప్పటి దులిపి తీగ మీద వేసింది. “ఏం, పడిపోయాడా?”

“నెమ్మదించాడట.”

“నెమ్మదిస్తే ఏం? నువ్వున్నావుగా, ఇంకో రెండు ముక్కలు వాయించు. జనానికి పొద్దుపోతుంది.”

ఎగతాళికే అంది గానీ అక్క దాన్ని పట్టుకుంది. నిజమే. చీకటి బోసిగా ఉంటే కదా దగ్గడం. పాట వట్టినే సాగుతోంది కాబట్టి జనానికి విసుగు. దానికి ఇంకో చరణం లాంటిది తగిలించి, చెవికి కొత్తగా ఏదైనా వినిపిస్తే, నిచ్చెన ఎంతసేపు మోసినా అది ఆలస్యమని ఎవరికీ తోచదు. బట్టలు ఆరేలోపు ఆమె కూనిరాగం తీస్తూనే ఉంది. మధ్యాహ్నానికి చరణం కుదిరింది. రైలు కనబడక ముందే పట్టాల్లో సన్నగా పుట్టే అదురు లాంటిది. కింది మెట్ల మీద మొదలై పైకి పాకుతుంది. ఫిడేలు తమ్ముడు ఒకసారి విని, “బాగుందక్కా. ఇంతకీ ఇది నిచ్చెన మోకాలికి కట్టా?” అన్నాడు.

“నోర్మూసుకుని నేర్చుకో.”

ఆ సాయంత్రం రెండో అంకం ముగిసి నీలం వెలుగు పరుచుకుంది. అక్క మొదలుపెట్టింది. బీరువా తిరిగింది, నెమ్మదిగానే గానీ తిరిగింది. బల్ల వాలింది. కుర్చీలు నిచ్చెన భుజానికి ఎక్కాయి. అప్పుడు ఆమె ముగింపుకి పోకుండా కొత్త చరణంలోకి మళ్ళింది.

పైన నిచ్చెన ఆగిపోయాడు. రోజూ నడిచే బాటలో ఎవరో కొత్త గట్టు పోస్తే ఎద్దు ఆగినట్టు ఆగాడు. ఒక క్షణం అలాగే నిలబడి, భుజం మీది కుర్చీలని మెల్లగా దింపాడు. ఒకదానిలోంచి ఒకటి తీసి, తిరిగి దూర్చాడు. వాలిన బల్ల దగ్గరికి వెళ్ళి దాన్ని మళ్ళీ సవరించాడు. ఆ బెంచీ సవరించడానికి ఏమీ లేదు. మోకాలే కాదు, మతి కూడా తప్పుతోంది కాబోలు ఈ మనిషికి, అనుకుంది అక్క. ఎడమ భుజాన్ని పైకి ఎగేసి ఇంకో చుట్టు లాగింది.

జనం మొదట్లో చెవులు రిక్కించారు. కొత్త చరణానికి ఎవరో ఆహా అన్నారు కూడా. కానీ ఆ ఆహా తర్వాత కూడా చీకటి ఉంది. దగ్గులు వచ్చాయి. దగ్గుల తర్వాత కూడా చీకటి ఉంది. చివరికి మూల నుంచి ఒకాయన చప్పట్లు కొట్టాడు, మెచ్చి కాదు. హాలు పగలబడి నవ్వింది. ఆ నవ్వులో లాంతరు వెలిగింది. తల్లి వేషం వేసినావిడ కన్నీళ్ళతో స్టేషనులోకి అడుగుపెట్టాల్సింది, నవ్వుతున్న ముఖాల ముందుకి అడుగుపెట్టింది.

ఆట అయ్యాక దర్శకుడు కేకలు వేయలేదు. పెన్ను చెవిన పెట్టుకునే, “పొద్దున వడ్రంగులు వస్తున్నారు నిచ్చెనా. ఏది ఎక్కడో వాళ్ళకి చూపించి, తాళంచెవులు అప్పగించి వెళ్ళు,” అన్నాడు. అంతే.

తల్లి వేషమావిడ అద్దం ముందు రంగు తుడుచుకుంటూ అక్కని చూడకుండానే అంది: “నీ పాట అద్దిరింది అక్కా. ఎటొచ్చీ ఆ ముసలాడే ముంచాడు మనల్ని.”

అక్క పెట్టె మీది గుడ్డని సర్దింది.

పొద్దున వేదిక మీద మామూలు బల్బు ఒకటి వెలుగుతోంది. ఆ వెలుగులో బీరువాకి రంగు ఎక్కడెక్కడ పెచ్చులూడిందో, గోడలనుకున్నవి ఏ గుడ్డతో చేశారో అన్నీ బయటపడి ఉన్నాయి. వడ్రంగులు ఇద్దరూ జబ్బలున్నవాళ్ళు. వస్తూనే బల్ల ఎత్తి బరువు చూసి, ఓస్ ఇంతేనా అన్నట్టు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. దర్శకుడు ముందు వరసలో కూర్చున్నాడు. అక్క, ఫిడేలు తమ్ముడు కింద తమ చోట ఉన్నారు.

“ఒకసారి చేసి చూపించు నిచ్చెనా. పాట వద్దులెండక్కా, వీళ్ళు వరస చూస్తే చాలు.”

నిచ్చెన కాళ్ళకి కంబళి ముక్కలు చుట్టుకున్నాడు. చేతులు నడుముకి తుడుచుకున్నాడు. మొదలుపెట్టాడు.

బీరువా గిర్రున తిరిగి టికెట్టు కిటికీ అయింది. అది ఆగీ ఆగకముందే అతను బల్ల దగ్గర ఉన్నాడు. మోకాలితో ఒక్కటి తోసి కాళ్ళు మడిచాడు, అవునుమరి, మోకాలితోనే, బల్ల ఒళ్ళు విరుచుకున్నట్టు పక్కకి వాలింది. కుర్చీలు ఎప్పుడు ఒకదానిలో ఒకటి దూరాయో వడ్రంగులు చూడనే లేదు. వాటిని భుజాన వేసుకుని లోపలికి పోయినవాడు లాంతరుతో తిరిగొచ్చాడు. తగిలించాడు. కొక్కెం కూడా పలకలేదు.

వడ్రంగుల్లో ఒకడు, “ఇంకోసారి చెయ్యి పెద్దాయనా, నేను ఆవలించాను,” అన్నాడు.

దర్శకుడు లేచి నిలబడ్డాడు. “చూశారా? చూశారా అక్కా? అన్నీ చేతనవును. గోదాము అనేసరికి కాళ్ళలోకి బలం వచ్చేసింది. ఇన్నాళ్ళూ మనతో ఆడుకున్నాడన్నమాట.” ఇప్పుడు పెన్ను చేతిలోకి వచ్చింది. “చేతకాకపోతే జాలిపడొచ్చు. చేతనై చెయ్యనివాణ్ణి ఏం చెయ్యమంటారు?”

నిచ్చెన కాళ్ళకున్న కంబళి ముక్కలు విప్పుకుంటున్నాడు. తల ఎత్తలేదు. అక్కకి మాత్రం అతను ఎటు చూడకుండా ఉండాలని తంటాలు పడుతున్నాడో అర్థమైంది. తన వైపు.

ఆమె మెట్లెక్కి పైకి వెళ్ళింది. బీరువా వెనక అతను తాళంచెవుల గుత్తి వెతుకుతున్నట్టు నటిస్తున్నాడు. గుత్తి నడుముకే వేలాడుతోంది.

“ఒక్కమాట అడుగుతాను, నిజం చెప్పు. ఆటలప్పుడు ఎందుకలా లాగుతున్నావు?”

“నేనేం లాగాను అక్కా?”

“ఇప్పుడు చూశానుగా.”

నిచ్చెన బీరువా అంచుకున్న పెచ్చుని గోటితో గీకాడు. గీకి, ఊడిన ముక్కని జేబులో వేసుకున్నాడు, నేల మీద పడితే నడిచేవాళ్ళకి గుచ్చుకుంటుందని.

“మీకు ఎడమచెయ్యి లేవడం లేదు కదక్కా,” అన్నాడు.

అక్క చెయ్యి కొంగులోకి పోయింది.

“అదివరకు మీ మణికట్టు ఒక్కటే ఆడేది. ఇప్పుడు భుజం ఆడుతోంది. పైనుంచి నాకు కనబడుతుంది. పాట మామూలు కంటే వెనక వస్తోంది. నేను నా మానాన గబగబా లాంతరు తగిలించాననుకోండి, వెలుగొచ్చేస్తుంది. మీరు సగంలో ఉంటారు. అందరూ మీ వంక చూస్తారు. అదే నేను ఆలస్యమైతే నా వంక చూస్తారు. నాకేం? పొడుగ్గా ఉన్నానని ఎలాగూ చూసేదే.”

“నిన్న కొత్త చరణం వాయిస్తే కుర్చీలు ఎందుకు దింపావు?”

“మీరు ముగించలేకపోతున్నారేమో, తోవ తప్పారేమో అనుకున్నాను. మళ్ళీ దారికి వచ్చేదాకా ఏదో ఒకటి చేస్తుండాలి కదా.”

అక్క బీరువాకి ఆనుకుంది. చక్రాల మీదున్న బీరువా కదిలింది. అతను కాలు అడ్డం పెట్టి ఆపాడు.

“నేను నీ మోకాలు చూసి నెమ్మదించాను నిచ్చెనా. నీ కోసమని కట్టాను ఆ చరణం.”

“నా మోకాలికేమయింది?”

“పట్టుకుని కదా మెట్లు దిగుతున్నావు!”

“దిగితేనే నొప్పక్కా. బరువెత్తితే దానికి తన సంగతే గుర్తుండదు.”

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు మొదలుపెట్టారో చెప్పడం ఆ ఇద్దరికీ చేతకాని పని. ఒక కాడికి కట్టిన రెండెద్దుల్లో పక్కది అలిసిందేమోనని ఇదీ, ఇది అలిసిందేమోనని అదీ అడుగు తగ్గించుకుంటూ పోయి, నాగలి చాలు మధ్యలో నిలిచిపోయినట్టుంది యవ్వారం. అక్కకి నవ్వొచ్చింది. ఆ నవ్వు పూర్తికాక ముందే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“చెప్పకండక్కా ఆయనతో,” అన్నాడు నిచ్చెన. “గోదాము నాకేం కొత్తా? ఆ పెట్టె లేకపోతే మీకు పొద్దు గడవదు.”

“నీకు గడుస్తుందా?”

తాళంచెవుల గుత్తిని నడుము నుంచి విప్పి, బీరువా మీద పెట్టాడు.

అక్క చరచరా కిందికి దిగింది. దిగేటప్పుడు ఉన్న విసురు దర్శకుడి ముందుకి వచ్చేసరికి సగమైంది. చెప్పడం అనుకున్నంత తేలిక కాదు. తన చెయ్యి సంగతి ఆడపడుచుకే చెప్పలేదు. తనకి తాను కూడా ఈ మాటల్లో చెప్పుకోలేదు.

“బాబూ, ఆలస్యం నాది.”

“మీ మంచితనం నాకు తెలుసు అక్కా. మీరు ఊరుకోండి.”

“మంచితనం కాదు. నా ముక్క నెమ్మదిగా వస్తోంది. ఆయన దాని వెంట నడుస్తున్నాడు.”

“మీ ముక్క ఎందుకు నెమ్మదిగా వస్తుంది? కట్టినావిడ మీరే కదా?”

చెబితే నమ్మడని ఆమెకి అర్థమైంది. ఇంకో దారి లేదు. పెట్టె ముందు కూర్చుని గుడ్డ తీసింది. ఫిడేలు తమ్ముడు తన కమానుకి గుగ్గిలం రాస్తున్నవాడు ఆపేశాడు. వడ్రంగులు వేదిక అంచున కాళ్ళు వేలాడేసి కూర్చున్నారు. అక్క కావాలనే ఆ ముక్కని, కట్టినప్పుడు ఎంత చురుగ్గా అనుకుందో అంత చురుగ్గా మొదలుపెట్టింది. కుడిచెయ్యి బాగానే పరుగెత్తింది. మొదటి మలుపులోనే ఎడమచెయ్యి తిత్తి మీద జారింది. స్వరం కుంగింది. భుజంతో ఎగదోసింది. లేచింది. మళ్ళీ కుంగింది. ఎండకి వాడిన తీగలా ఒక్కొక్క స్వరం చివర వేలాడిపోతోంది. రెండో మలుపులో వేళ్ళు మెట్ల మీద కదులుతున్నాయి గానీ పెట్టెలోంచి ఏమీ రావడం లేదు.

ఆమె ఆపలేదు. వింటున్నవాళ్ళకి పూర్తిగా తెలియాలని, పలకని మెట్ల మీద చివరిదాకా వేళ్ళు నడిపి అప్పుడు చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

వడ్రంగి ఒకడు తన అరచేతులు చూసుకున్నాడు.

“ఎన్నాళ్ళనుంచి?” అన్నాడు దర్శకుడు.

“ఈ నాటకం మొదలైనప్పటినుంచి. ఇంకాస్త ముందేనేమో.”

దర్శకుడు పెన్ను చెవిన పెట్టుకున్నాడు. తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. నిచ్చెనకి ఏదో చెప్పాలని అతని ముఖంలో కనబడింది గానీ, అందరి ముందూ ఒకర్ని తిట్టినంత తేలిక కాదు కదా అది. ఫిడేలు తమ్ముడి వైపు తిరిగాడు.

“చీకటి ముక్క నువ్వొక్కడివే వాయించగలవా?”

“వాయిస్తాను గానీ...” ఫిడేలు తమ్ముడు అక్కని చూశాడు. “అది అక్కది.”

“నాదే. నేనే చెబుతున్నాను, వాయించు,” అంది అక్క. “కొత్త చరణం తీసేయి. మాటల కింద వాయించేది నేను చూసుకుంటాను. దానికి ఈ చెయ్యి చాలు.”

దర్శకుడు వడ్రంగులకి టీ చెప్పమని కేకేశాడు. వెళ్ళబోతూ, వేదిక మీదికి చూడకుండానే, “సాయంత్రానికి ఆ లాంతరు గాజు తుడిచి పెట్టు నిచ్చెనా, మసిబారింది,” అన్నాడు. అదే ఆయన క్షమాపణ. నిచ్చెన బీరువా మీంచి తాళంచెవులు తీసి నడుముకి కట్టుకున్నాడు.

మధ్యాహ్నమంతా అక్క ఫిడేలు తమ్ముడికి ముక్క నేర్పింది. ఇన్నాళ్ళూ ఆమె వెనకే వాయించినవాడు, ముందు నడవమంటే కొత్త కోడలిలా సిగ్గుపడ్డాడు. “ఇక్కడ నువ్వు ఒక చిన్న విరుపు విరుస్తావు కదక్కా, అది రావడం లేదు.” “రాకపోతే మానేయ్. నీ విరుపు నువ్వు విరుచుకో.” నోటితో ఆ మాట అన్నది గానీ, అతను తన విరుపు విరిచినప్పుడు అక్క కాసేపు హాలు తలుపు వైపు చూస్తూ కూర్చుంది. పరాయి ఇంటికి ఇచ్చిన తన పిల్ల పెట్టిన ముగ్గులా, తనదే, తనది కాదు.

సాయంత్రం హాలు నిండింది. రెండో అంకంలో ఇల్లు అమ్మేశారు. తల్లి వేషమావిడ ఏడ్చింది, ఆ ఏడుపు కింద అక్క రెండు మెట్లు పట్టుకుంది. నీలం వెలుగు పరుచుకోగానే వాటిని వదిలేసింది. ఫిడేలు అందుకుంది.

చీకట్లో ఆమెకి పనిలేకపోవడం అదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇన్నాళ్ళూ నిచ్చెన ఎక్కడిదాకా వచ్చాడనే చూసింది గానీ, అతను చేసే పని చూడలేదు. ఇప్పుడు చూసింది. బీరువా అద్దంలో నీలం వెలుగు ఒకసారి చెరువులా మెరిసి తిరిగిపోయింది. ఇంత పొడుగు మనిషీ కుర్చీల కింద వంగి, నీడలో నీడగా కలిసిపోయాడు. పోగొట్టుకున్న ఇల్లు జనం కళ్ళముందే లేచి, మాటామంతీ లేకుండా స్టేషనుకి నడిచి వెళుతున్నట్టుంది. ఎవరూ దగ్గడం లేదు. దర్శకుడు పక్కతెర దగ్గర నిలబడి మెడ చాచి చూస్తున్నాడు.

ఫిడేలు చివరి స్వరం మీద సన్నబడి, ఆరిపోయింది. బాగా వాయించాడు తమ్ముడు. ఎక్కడా తడబడలేదు.

లాంతరు కొక్కేనికి ఎక్కలేదు.

నిచ్చెన స్తంభం కిందే ఉన్నాడు. లాంతరు చేతిలో ఉంది. కొక్కెం అతని తలకి పైన, అందేంత దూరంలో ఉంది. చెయ్యి సగం లేచి ఆగిపోయింది. ఫిడేలు తమ్ముడు కమాను గాల్లో పట్టుకుని బిత్తరపోయి చూస్తున్నాడు. పక్కతెర దగ్గర దర్శకుడి చెయ్యి చెవి మీదికి వెళ్ళింది. వెనక వరసలో ఎవరిదో గొంతు గరగరమంది.

నిచ్చెన ఫిడేలు వైపు చూడటం లేదు. తల ఒక పక్కకి వాల్చి, మూసిన తలుపు అవతల మనిషి ఉన్నాడా అని చెవి పెట్టినవాడిలా, పెట్టె వైపు వింటున్నాడు.

అప్పుడు తట్టింది అక్కకి. పెట్టె పాతది. ముక్క అయిపోయాక మెట్ల మీంచి వేళ్ళు తీసేసి, తిత్తిలో మిగిలిన గాలిని ఒకసారి నొక్కి వదిలేస్తుంది ఆమె. అతుకుల సందుల్లోంచి ఆ గాలి ఉస్సుమని పోతుంది. అదొక చప్పుడని కూడా ఆమె ఏనాడూ అనుకోలేదు. తన ఊపిరి తనకి వినబడనట్టే అదీ వినబడేది కాదు. ఇన్నేళ్ళూ అతను లాంతరు తగిలించింది ఆమె చివరి స్వరానికి కాదు, ఆ నిట్టూర్పుకి. ఫిడేలుకి వదలడానికి గాలి ఏముంది?

కుడిచేతిని ఒళ్ళోనే ఉంచుకుంది. ఎడమచేతిని తిత్తి మీద ఆనించింది. పట్టు అక్కర్లేదు. చెయ్యి బరువు చాలు. ఒక్క మెట్టూ నొక్కకుండా, మెల్లగా, చివరంటా నొక్కింది.

పెట్టె ఊపిరి వదిలింది.

కొక్కెం చప్పుడు కాలేదు. వెలుగు వచ్చింది. బెంచీ మీద, కిటికీ మీద, ఖాళీ ప్లాట్‌ఫారం మీద పడింది. హాలు ముందుకి వంగింది.

ఫిడేలు తమ్ముడు కమాను దించి, పెదాలు కదపకుండా, “రేపట్నుంచి అది కూడా నేనే వాయించాలా అక్కా?” అని గొణిగాడు.

“అది నీకు రాదులే,” అంది అక్క.